జుకినీ తెగ కాస్తోంది, ఏం వండను?

ప్రశ్న: అక్కా, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు దసరాకి వచ్చినప్పుడు జుకినీ విత్తనాల పొట్లం తెచ్చాడు. కార్తీకంలో సరదాగా పెరట్లో పెడితే ఆరు మొక్కలు బతికాయి. సంక్రాంతి ముందు నుంచి ఒకటే కాపు. రోజూ మూడు నాలుగు కాయలు దిగుతున్నాయి. ఇంట్లో ఉన్నది ఐదుగురం. పిల్లలు రెండు రోజులు తిన్నారు, మూడో రోజు కంచం పక్కకి తోసేశారు. మా ఆయన చప్పగా ఉందంటారు. మా అత్తగారు "ఏటమ్మా ఈ కాయ, ఆనపా కాదు, బీరా కాదు" అంటున్నారు. ఇరుగుపొరుగు వాళ్లు ఒకసారి తీసుకున్నారు, రెండోసారి వద్దనేశారు. పండక్కి పుట్టింటికెళ్లి వచ్చేసరికి నాలుగు కాయలు మోచేతి పొడవు పెరిగిపోయాయి. ఏ కూర చేసినా నీళ్లు నీళ్లుగా వస్తోంది. వీటితో వడియాలు పెట్టొచ్చా? ఊరగాయ పట్టొచ్చా? మొన్న ఒక కాయ చేదుగా అనిపించింది, ఫరవాలేదా? కష్టపడి పెంచినవి, పారేయడానికి మనసు రావడం లేదు.

సమాధానం: అమ్మా, ఉత్తరం చివర్లో మీరు రాసిన చేదు సంగతి ముందు చెప్పేస్తాను. మిగతావన్నీ ఆగుతాయి, అది ఆగదు.

చేదుగా ఉన్న జుకినీ తినకూడదు. కాకరకాయ చేదు తినడం లేదా అని సరిపెట్టుకోవద్దు. కాకర చేదు వేరు, ఇది వేరు. ఆనప, దోస, గుమ్మడి, జుకినీ లాంటి కాయలు చేదెక్కాయంటే వాటిలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు పెరిగాయని అర్థం. ఉడికించినా, వేయించినా అవి పోవు. ఉప్పు రాసి పిండేస్తే పోతుందిలే అనుకోవడానికీ లేదు. తిన్న కాసేపటికే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. చేదు ఆనపకాయ రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. జర్మనీలో 2015లో ఇంటి తోటలో కాసిన చేదు జుకినీ వండుకుని తిని ఒక పెద్దాయన చనిపోయారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. చేదు కాయ చాలా అరుదు. కానీ దాన్ని పట్టుకోవడం చాలా తేలిక కాబట్టి ఆ పని మానొద్దు.

కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు ప్రతి కాయకీ తొడిమ వైపు ఒక పల్చటి చక్రం కోసి, నాలుక కొసకి తాకించి చూడండి. జుకినీ పచ్చిగా తింటే లేత దోసకాయలా చల్లగా, కాస్త తియ్యగా ఉండాలి. చేదు తగిలితే వెంటనే ఉమ్మేసి నోరు పుక్కిలించండి, కాయ మొత్తం పారేయండి. గేదెకి కూడా వేయొద్దు. ఆ కాయ ఏ మొక్కదో గుర్తుంటే ఆ మొక్క మీద ఒక కన్నేసి ఉంచండి. రెండో కాయ కూడా చేదుగా వస్తే మొక్కనే పీకేయండి. మిగిలిన ఐదూ మీకు చాలు. ఎప్పుడైనా పొరపాటున తిని వాంతులు పట్టుకుంటే ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏం తిన్నారో డాక్టరుకి చెప్పండి.

ఇక మీ అత్తగారి ప్రశ్న. ఆవిడ అడిగింది చాలా సరైన ప్రశ్న. వంట తెలిసినవాళ్లు కొత్త కాయ చూడగానే అడగాల్సిందే అది. ఇది గుమ్మడి జాతి. ఇటలీ భాషలో గుమ్మడికాయని జుక్కా అంటారు, జుకినీ అంటే చిన్న గుమ్మళ్లు. గుమ్మళ్ల పుట్టిల్లు అమెరికా ఖండం, ఈ పొడుగు కాయగా దాన్ని తీర్చింది ఇటలీవాళ్లు. పరాయి కాయ అని ఆవిడ వెనకాడుతుంటే, మన పలాస జీడి కూడా ఆ ఖండం నుంచే వచ్చిందని చెప్పండి. మిరపకాయా అంతే, టమాటా అంతే.

గుమ్మడికాయని పిందెగా ఉన్నప్పుడే కోసుకు తింటే ఎలా ఉంటుందో జుకినీ అలా ఉంటుంది. అందుకే లేతగా ఉన్నప్పుడు బీరకాయలా, మధ్యస్థంగా ఉన్నప్పుడు ఆనపకాయలా, ముదిరాక బూడిద గుమ్మడిలా నడుచుకుంటుంది. మీ ఇంట్లో జరిగిన పొరపాటు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. చిన్నదీ పెద్దదీ కలిపి ఒకే కూర చేసి ఉంటారు. లేత ముక్క కరిగిపోతుంది, ముదురు ముక్క పీచుగా మిగులుతుంది. కోసుకొచ్చిన కాయల్ని చేటలో పోసి ముందు మూడు రాశులు చేయండి. జానెడు లోపువి ఒక రాశి, జానెడు దాటి ముంజేతి లావు ఉన్నవి ఇంకో రాశి, ఆ మోచేతి పొడవువి వేరే. ఏ రాశికి ఆ వంట.

నీళ్లు నీళ్లుగా వస్తోందన్నారు కదా, రాక ఏం చేస్తుంది? ఈ కాయలో నూటికి తొంభై నాలుగు, తొంభై ఐదు పాళ్లు నీరే. విజయనగరంలో మా ఇంట్లో మొదటిసారి వండినప్పుడు నేను కూడా ఆనపకాయకి పోసినట్టే చిన్న గ్లాసు నీళ్లు పోసి, ఉప్పేసి, మూత పెట్టేశాను. పది నిమిషాలకి మూత తీస్తే ముక్క కనబడలేదు. ఆ తర్వాత నేర్చుకున్నవి ఇవే: వేపుడు కూర అయితే ఉప్పు చివర్లో వేయాలి, మంట పెద్దది ఉండాలి, మూత పెట్టకూడదు. తురుము అయితే ముందే ఉప్పు రాసి పిండేయాలి. పులుసయితే ముక్క ఆఖర్న వేయాలి. చుక్క నీరు పోయాల్సిన అవసరం ఒక్క పులుసులో తప్ప ఎక్కడా రాదు.

ముందు మీ ఆయన చప్పదనానికి మందు చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో నువ్వులు లేని వంటిల్లు ఉండదు. జుకినీకి నువ్వులంత బాగా అతికేది నాకు ఇంకొకటి కనబడలేదు.

జానెడు లోపు కాయలు ముప్పావు కిలో తీసుకోండి. తొక్క తీయొద్దు, ముక్క నిలబడేది తొక్క వల్లే. అరంగుళం ముక్కలు కోసి, గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి. ఈలోగా పొడి మూకుట్లో మూడు చెంచాల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి దించండి. అదే మూకుట్లో నాలుగు ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర వేయించి, అన్నీ చల్లారాక కచ్చాపచ్చాగా పొడి కొట్టండి. మెత్తగా కొడితే నూనె వదిలి ముద్దవుతుంది. ఇప్పుడు ఇనప మూకుట్లో రెండు చెంచాల నువ్వుల నూనె బాగా కాగనిచ్చి, పోపు, కరివేపాకు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేయండి. మంట పెద్దది చేసి ముక్కలు వేయండి. ముక్క వేయగానే చుయ్ మని గట్టిగా చప్పుడు రావాలి. రాకపోతే మూకుడు ఇంకా కాగలేదని అర్థం. వేసిన వెంటనే కలపొద్దు, ఒక నిమిషం అలా వదిలేస్తే అడుగు ఎర్రబడుతుంది. తర్వాత అట్లకాడతో రెండు మూడు సార్లు తిరగేయండి. ఆరేడు నిమిషాల్లో ముక్క అంచులు బంగారు రంగుకి వస్తాయి, మధ్యలో ఇంకా కాస్త కరకరమంటూనే ఉంటుంది. అప్పుడు ఉప్పు, వెంటనే నువ్వుల పొడి వేసి ఒక్కసారి కలిపి దించేయండి. ఉప్పుకి ముక్క వదిలే కాస్త చెమ్మనీ ఆ పొడి పీల్చుకుని ముక్కని అంటిపెట్టుకుంటుంది. వేడన్నంలో ఇది కలుపుకుని తిన్నాక కూడా చప్పగా ఉందన్నారంటే నాకు మళ్లీ రాయండి.

మధ్య రాశి కాయలకి ఆవ పెట్టిన కూర చేయండి. మీ అత్తగారికి నచ్చే దారి ఇది. పనసపొట్టుకీ అరటికాయకీ ఆవ పెట్టడం ఆవిడకి చెప్పనక్కర్లేదు. జుకినీకి ఒకటే తేడా. ముక్కలు కోసి చెంచా ఉప్పు కలిపి అరగంట జల్లెడలో ఉంచి, దిగిన నీరు పారబోసి, చేత్తో కాస్త నొక్కి అప్పుడు పోపులో వేయాలి. ఐదు నిమిషాలు మగ్గాక నిమ్మకాయంత చింతపండు చిక్కటి గుజ్జు పోసి, అది దగ్గరపడగానే పొయ్యి ఆపేయండి. కూర గోరువెచ్చగా అయ్యాక, చెంచాన్నర ఆవాలూ రెండు ఎండుమిరపకాయలూ నానబెట్టి నూరిన ముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. మధ్యాహ్నం చేస్తే రాత్రికి ఘాటు పట్టి ఇంకా బాగుంటుంది.

నీచు తినే ఇల్లయితే ఎండు రొయ్యలు ఉండనే ఉన్నాయి. తలా తోకా గిల్లేసి, పొడి మూకుట్లో వేయించి, వేడినీళ్లలో రెండుసార్లు కడిగిన గుప్పెడు ఎండు రొయ్యల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగిన నూనెలో వేసి, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, పైన జుకినీ ముక్కలు వేసి మూత పెట్టేయండి. ఇక్కడ మాత్రం కాయ నీరు వదలడమే మేలు. ఆ నీళ్లలోనే రొయ్యలు మెత్తబడతాయి, రొయ్యల ఉప్పదనం కాయకి ఎక్కుతుంది. కడిగినా వాటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి కూరకి ఉప్పు దించేముందు రుచి చూసి వేయండి. ఆనపకాయ, ఎండు రొయ్యలు తిని పెరిగిన ఏ ఇంట్లోనైనా ఇది చెల్లుతుంది.

పప్పులో వేసుకోవచ్చు, పాలు పోసి వండుకోవచ్చు, పెరుగు పచ్చడి చేసుకోవచ్చు. ఇవన్నీ ఆనపకాయకి చేసినట్టే, కొత్తగా చెప్పేదేమీ లేదు. పప్పయితే కుక్కర్లో కాయ వేయొద్దు. పప్పు ఉడికాక ముక్కలు కలిపి నాలుగు నిమిషాలు ఉంచితే చాలు. పుల్లదనం కోసం గుప్పెడు గోంగూర వేస్తే ఇంకా బాగుంటుంది. రోటి పచ్చడికి మాత్రం ఒక మాట. ముక్కల్ని నూనెలో నీరు పూర్తిగా ఇగిరి మూకుడు అడుగు అంటేదాకా వేయించాలి. అప్పుడే పచ్చడి గట్టిగా నిలుస్తుంది. పచ్చిమిర్చి, చింతపండు, వేయించిన వేరుశనగ గుళ్లు వేసి నూరి, ఆఖర్న ముక్కలు వేసి నాలుగు దెబ్బలు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

పిల్లల గురించి రాశారు. పిల్లలకి ముక్క కనబడకూడదు. మా ఇంట్లో ఇదే పనిచేసింది. కాయని తురిమి, గ్లాసు తురుముకి పావు చెంచా ఉప్పు చొప్పున కలిపి పావుగంట వదిలేయండి. తర్వాత పాత పంచె ముక్క లాంటి మెత్తటి నూలు గుడ్డలో పోసి మూట కట్టి, ఒక చేత్తో మూట మెడ పట్టుకుని రెండో చేత్తో తిప్పుతూ పిండండి. మొదట ధారగా, తర్వాత చుక్కచుక్కగా లేత ఆకుపచ్చ నీరు దిగుతుంది. నాలుగు గ్లాసుల తురుము పిండేసరికి ఒకటిన్నర గ్లాసే మిగులుతుంది. గుట్టలా ఉన్న కాయలు ఎంత తొందరగా కరుగుతాయో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆ నీళ్లు పారబోయొద్దు. చపాతీ పిండో చోడి (రాగి) రొట్టె పిండో కలపడానికి వాడండి, ఉప్పు ఆ నీళ్లలోనే ఉంది కాబట్టి పిండిలో వేరే వేయొద్దు.

ఆ పిండిన తురుముతో నేను ఎక్కువగా చేసేది దిబ్బరొట్టె. గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి, నీళ్లు పిండేసి అందులో కలిపి, రెండు మూడు గంటలు ఉంచండి. పోసే ముందు ఒకటిన్నర గ్లాసు తురుము, జీలకర్ర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం కలపండి. తురుము ముందే కలిపి పెడితే పిండి జారైపోతుంది. మందపాటి మూకుట్లో నాలుగు చెంచాల నూనె కాచి, పిండి రెండు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు అటు చూడకండి. అంచులు మూకుడు వదిలి ఎర్రటి గీత కనబడినప్పుడు తిరగేసి ఇంకో ఐదారు నిమిషాలు కాల్చండి. పైన గట్టి పెంకు, లోపల దూది. మామూలు దిబ్బరొట్టె చల్లారితే పిడచకట్టుకుపోతుంది, ఈ తురుము వేసినది సాయంత్రానికి కూడా మెత్తగానే ఉంటుంది. బెల్లం పానకంతో పెడితే పిల్లలు లోపల ఏముందో అడగరు. పకోడీల్లో, పెసరట్టు మీద, చోడి రొట్టెలో కూడా ఇదే తురుము వాడుకోండి.

మోచేతి పొడవు కాయలు నాలుగు ఉన్నాయన్నారు. వాటిని చూసి బెంగ పెట్టుకోవద్దు. అవి మీ వడియాలు. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు, నిక్షేపంగా పెట్టొచ్చు. కాయని నిలువుగా చీల్చి, మధ్యలో ఉన్న మెత్తటి గుజ్జు, గింజలు చెంచాతో గీకేయండి. చేదు పరీక్ష మాత్రం మరవొద్దు. తొక్కతోనే సన్న ముక్కలు తరగండి. బూడిద గుమ్మడికి ఉన్నంత కండ దీనికి లేదు, తొక్క తీసేస్తే వడియం నమిలేటప్పుడు ఏమీ తగలదు. కిలో ముక్కలకి ఉప్పు, పసుపు కలిపి, గుడ్డలో మూట కట్టి, రాత్రంతా పైన రుబ్బురోలు పొత్రమో నీళ్ల బిందో బరువు పెట్టండి. పావుకిలో మినప్పప్పు విడిగా నానబెట్టి, పొద్దున్నే నీళ్లు దాదాపు పోయకుండా గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఇంగువ నూరి కలిపి, పిండిన ముక్కలు అందులో వేయండి. ఎండ ఎక్కే వేళకి డాబా మీద గుడ్డ పరిచి చిన్న చిన్నగా పెట్టేయండి. ఈ కాలంలో మన వైపు పొద్దున మంచు బాగా పడుతుంది, రాత్రి డాబా మీద వదిలేస్తే పగలంతా ఎండినది మళ్లీ చెమ్మగిల్లుతుంది. పొద్దువాలేలోగా లోపలికి తెచ్చుకోండి. రెండో రోజు తిరగేసి, నాలుగైదు ఎండలు తగలనివ్వండి. విరిస్తే టక్కున విరగాలి. లోపల మెత్తగా ఉంటే ఇంకో ఎండ కావాలి. డబ్బాలో పోశాక ఏడాదీ వాడుకోవచ్చు.

వడియాల ఓపిక లేని రోజున వరుగులు చేయండి. మధ్య రాశి కాయల్ని పల్చటి చక్రాలుగా కోసి, ఉప్పూ కాస్త కారం కలిపిన మజ్జిగలో ఒక గంట ముంచి, తీసి చాప మీద మూడు ఎండలు పెడితే కాగితాల్లా అవుతాయి. నూనెలో వేయగానే పొంగుతాయి, క్షణంలో మాడతాయి కూడా. కాబట్టి మంట తగ్గించి నాలుగైదు చొప్పున వేయించండి. పప్పుచారులోకి నాకు ఇవి వడియాల కన్నా ఇష్టం.

పెద్ద కాయల్లో మిగిలినదాన్ని ముక్కల పులుసులో వేయండి. ములక్కాడ, చిలగడదుంప ఉడికాక, బెల్లం, బియ్యప్పిండి జారు కలిపే ముందు జుకినీ పెద్ద ముక్కలు వేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తీపి కావాలంటే హల్వా. దీనికి తురుముని ఉప్పు లేకుండా పిండాలి. పిండిన తురుము అరకిలో నేతిలో పచ్చివాసన పోయేదాకా వేయించి, అర లీటరు పాలు పోసి ఇగరనిచ్చి, నూట యాభై గ్రాముల పంచదార, యాలకులు, పలాస జీడిపప్పు. పంచదార వేశాక మళ్లీ పల్చబడుతుంది, కంగారు పడకుండా ఇంకాసేపు కలపండి.

ఊరగాయ సంగతి. ఆవకాయలా పట్టి బయట జాడీలో నెలల తరబడి ఉంచాలనుకుంటే వద్దు. మామిడికాయకి సొంత పులుపు ఉంది, దీనికి లేదు. పైగా నిండా నీరు. పులుపు చాలని తడి ముక్కని గాలి తగలకుండా నూనెలో ముంచి పెడితే కంటికి కనబడని ప్రమాదకరమైన క్రిములు పెరగొచ్చు, వాసనలో కూడా తేడా తెలియకపోవచ్చు. అంతగా కావాలంటే ముక్కల్ని ఉప్పు రాసి పిండి, ఒక ఎండ తగిలించి, నిమ్మరసం బాగా పోసి, ఆవపిండి, కారం కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వారంలోగా అవగొట్టేయండి. నిలవకి వడియాలు, వరుగులే మీ దారి.

మీరు అడగలేదు గానీ, పూల గురించి చెప్పకుండా ఉండలేను. అరచేయంత పసుపు పూలు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంటాయి, చూసే ఉంటారు. కింద పిందె లేకుండా సన్నటి కాడ మీద ఉండేవి మగపూలు. అవి కాయలు కావు, ఎలాగూ రాలిపోతాయి. తేనెటీగల కోసం మొక్కకి ఒకటి రెండు వదిలి మిగతావి పొద్దున్నే కోయండి. లోపల చీమలు ఉంటాయి, విదిలించి చూసి, మధ్యలోని పుప్పొడి కాడ గిల్లేసి, శనగపిండి, బియ్యప్పిండి, వాము కలిపిన జారులో ముంచి బజ్జీలు వేయండి. నూనెలో పడగానే పువ్వు రేకు పల్చటి అప్పడంలా కరకరలాడుతుంది. కాయ వద్దన్న మీ పిల్లలు దీనికి పోట్లాడుకుంటారు.

ఇంత కాపునీ తట్టుకోవడానికి పెరట్లోనే చేయాల్సిన పని ఒకటుంది. కాయని పెరగనివ్వకుండా ముందే కోసేయండి. పువ్వు పడిన నాలుగో రోజో ఐదో రోజో, జానెడు కాకముందే, రోజు విడిచి రోజు. కాయలు అన్నే వస్తాయి గానీ ఇంటికొచ్చే బరువు సగానికి సగం తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ఆకుల కింద దాక్కున్న కాయ ఒక్కటి వారం తప్పించుకుంటే మోచేతి పొడవు అవుతుంది. దాన్ని పెంచే పనిలో పడి మొక్క కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది. ఆకులూ కాడలూ గరుకుగా గీరుకుంటాయి, మీ ఆయన పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని దిగండి. చేత్తో తిప్పి లాగొద్దు, అంగుళం తొడిమతో కత్తితో కోస్తే కాయ ఎక్కువ రోజులు ఉంటుంది. కోసినవి కడగకుండా, గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెడితే ఐదారు రోజులు బాగుంటాయి. అంతకు మించి మెత్తబడి తొక్క మీద గుంటలు పడతాయి. పిండిన తురుముని గ్లాసు చొప్పున సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు దిబ్బరొట్టెకి పనికొస్తుంది. ముక్కలు అలా పెట్టొద్దు, కరిగాక చిత్తడిగా అవుతాయి. ఎండలు ముదిరే కొద్దీ కాపు దానంతట అదే తగ్గుతుంది, ఆకుల మీద బూడిద తెగులు కనబడుతుంది. అంటే ఈ హడావిడి ఇంకో నెలా నెలన్నరే. వచ్చే ఏడు ఐదుగురికి మూడు మొక్కలు చాలు.

ఇరుగుపొరుగు రెండోసారి వద్దనడంలో వాళ్ల తప్పు లేదు. వాళ్లకీ కూర నీళ్లయిపోయి ఉంటుంది. ఈసారి కాయలు ఇచ్చేటప్పుడు చిన్నవే ఇవ్వండి, పక్కన గుప్పెడు నువ్వుల పొడి పొట్లం కట్టి ఇవ్వండి. మీ ఊరికి కూరలు తెచ్చే ఆవిడ ఉంటే నాలుగు లేత కాయలకి బదులుగా నాలుగు వంకాయలో, రెండు కొత్తిమీర కట్టలో అడగండి, ఇస్తుంది.

మీ తమ్ముడికి కాయలు రైల్లో పంపాలని చూడకండి, నలిగిపోతాయి. వడియాలూ వరుగులూ ఎండాక డబ్బాలో పోసి పంపండి. పనిలో పని, ఆ విత్తనాల పొట్లం మీద హైబ్రిడ్ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే ఈ కాయల గింజలు దాచి వేస్తే వచ్చే ఏడు ఇవే కాయలు రావు, కొత్త పొట్లం తెమ్మనండి. లేకపోయినా చేదు కాసిన మొక్క నుంచి మాత్రం ఒక్క గింజ కూడా దాచొద్దు.